వాన వాటీ గారి ఎండ

వాటీ ఫార్క్వర్ దగ్గరికెళ్లి "మా తాత ఎప్పుడు పుట్టాడండీ" అని అడిగితే, ఆ రోజు గాలి ఎటునుంచి వీచిందో చెప్పేవాడు. తాత సంగతి తర్వాత. ముందు గాలి, ఆ పైన వాన, ఆ తర్వాత సముద్రం పోటు మీదుందా పాటు మీదుందా, ఆ పూట వలలో చేపలు పడ్డాయా లేదా. ఇవన్నీ అయ్యాక, అదీ మీకు ఓపిక మిగిలి ఉంటే, తాత పుట్టేవాడు.

పోర్ట్‌స్కారో అనే ఆ స్కాట్లండ్ రేవు ఊళ్లో జనన మరణాల రిజిస్ట్రారు ఆయనే. ముప్ఫై ఒక్క ఏళ్లుగా అదే బల్ల, అదే కుర్చీ, కుర్చీ మీద అదే దిండు. ఒకప్పుడు బతుకుతెరువు కోసం కెనడాకో ఆస్ట్రేలియాకో ఓడెక్కిన వాళ్ల పిల్లలూ మనవలూ వేసవి రాగానే బస్సు దిగి ఆయన బల్ల ముందు వాలేవారు. వాళ్లక్కావలసింది జనన రిజిస్టరు నుంచి ఒక్క నకలు. పుట్టిన తేదీ, గంటా నిమిషంతో సహా, తల్లీ తండ్రీ, వాళ్ల పెళ్లి రోజు, ఎవరొచ్చి రాయించారో వాళ్ల సంతకం, అన్నీ స్కాట్లండ్ నకల్లో ఉంటాయి. లేనిదల్లా వాతావరణం. ఆ లోటు వాటీని ముల్లులా గుచ్చుతుండేది. ప్రతి జనవరిలో ఎడిన్‌బరోలో ఉన్న పై అధికారులకు, రిజిస్టరులో వాతావరణానికి ఒక గడి కేటాయించవలసిందిగా ప్రార్థిస్తూ ఉత్తరం రాసేవాడు. "మీ సూచనకు ధన్యవాదాలు" అని జవాబొచ్చేది. అట్లా ఇరవై రెండు ఉత్తరాలు, ఇరవై రెండు ధన్యవాదాలు.

వాళ్లివ్వకపోతే ఏం, తనే ఏర్పాటు చేసుకున్నాడు. ఒకసారి రేవు కచేరీ వాళ్లు వందేళ్ల వాతావరణ పుస్తకాలు చెత్తబండికి ఎత్తుతుంటే, వాటీ అడ్డంపడి నలభై ఒక్క పుస్తకాలనూ తోపుడుబండిలో తోసుకొచ్చి జనన రిజిస్టర్ల పక్కన బీరువాలో పెట్టాడు. ఆ రోజు నుంచీ ఊరు ఆయన్ని వాన వాటీ అనడం మొదలుపెట్టింది.

ఆ ఊళ్లో మారుపేరు లేకపోతే మనిషి లేనట్టే. ఇంటిపేర్లు నాలుగైదుకు మించి లేవు. సంతలో నిలబడి "జార్జ్ ఫ్లెట్" అని పిలిస్తే ఒకప్పుడు పద్నాలుగు మంది వెనక్కి తిరిగేవారట. అందుకని ప్రతి ఇంటికీ ఒక మారుపేరు, పిచ్చుక, బూట్లు, జాబిల్లి, ఇట్లా. పాత గుమస్తాలు రిజిస్టర్లో కూడా పేరు పక్కనే ఆ మారుపేరు రాసిపెట్టేవారు. ఇది తెలియని మనవలు కంప్యూటర్లో వెతుక్కుని ఎవరి తాతనో తమ తాత అనుకుని ఫొటో కట్టించుకునేవారు.

ఒంటారియో నుంచి వచ్చిన ఒకాయన అయితే ఏకంగా సమాధి మీద నల్లరాయే నిలబెట్టించాడు. ఆ తర్వాత గుర్తుగా నకలు తీసుకుందామని వాటీ దగ్గరికొచ్చాడు. బస్సుకు నలభై నిమిషాలే టైముంది.

"జార్జ్ ఫ్లెట్, 1884 అక్టోబరు తొమ్మిది," అన్నాడు ఆయన నిలబడే.

"కూర్చోండి. బిస్కట్ తీసుకోండి. పొద్దున నైరుతి గాలి."

"తండ్రి పేరు..."

"వస్తున్నా. పదింటికి చినుకు మొదలు."

"అయ్యా, నా బస్సు..."

"పదకొండుకి తెరిపిచ్చింది. మీ తాత పదకొండుంబావుకి పుట్టాడు. అంటే తడవకుండా వచ్చాడన్న మాట. తెలివైనవాడు."

ఒంటారియో ఆయన మొహం మారిపోయింది. "చినుకేమిటండీ? మా తాత పుట్టిన రోజు గాలికి చర్చి కప్పు ఎగిరిపోయిందని మా ఇంట్లో నాలుగు తరాలుగా చెప్పుకుంటున్నాం."

వాటీ కళ్లు మెరిశాయి. పుస్తకాలు తిరగేశాడు. చర్చి కప్పు లేచిపోయింది అదే ఏడు డిసెంబరు పదకొండున. ఆ రోజు పుట్టిన జార్జ్ ఫ్లెట్ బూట్ల వారి జార్జ్. ఆయన రాయి పెట్టించింది పిచ్చుక జార్జ్‌కి. ఈలోపు బస్సు వెళ్లిపోయింది.

"ఇప్పుడా రాయి పీకించేయమంటారా?" అన్నాడు ఆయన తల పట్టుకుని.

"ఉండనీయండి," అన్నాడు వాటీ. "పిచ్చుక జార్జ్‌కి వెనకా ముందూ ఎవరూ లేరు. ఇన్నాళ్లకి ఒక మనవడు దొరికాడు. మీరు ఇద్దరికీ పూలు పెడితే సరిపోయె."

అయితే అందరూ ఒంటారియో ఆయనంత మంచివాళ్లు కాదు. ఇంగ్లండు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి జిల్లా కేంద్రానికి ఫిర్యాదు రాశాడు. "నేను మా ముత్తవ్వను అడిగాను. నాకు గాలివానను ఇచ్చారు," అన్నది అందులో మొదటి వాక్యం. ఆ ఉత్తరం జిల్లా రిజిస్ట్రారు ట్రెయిల్ గారి బల్ల మీద పడింది. ట్రెయిల్ గారు నవ్వగా చూసినవాళ్లు లేరు. ఆయన తన గుమస్తా లోర్నా డఫస్‌ను పిలిచి, రెండు వారాలు పోర్ట్‌స్కారోలో కూర్చుని, ఒక నకలుకు ఆ మనిషి ఎంతసేపు తీసుకుంటున్నాడో చూసి, రెండో శుక్రవారం సాయంత్రానికల్లా నివేదిక పంపమన్నారు.

"వాతావరణం మానితే బల్ల దగ్గర ఉంటాడు. మానకపోతే లోపలి గదిలో కాగితాలు సర్దుకుంటాడు. జనం మొహం చూడక్కర్లేదు. అది నువ్వు తేల్చు," అన్నారు.

లోర్నాకు ఇరవై ఏడేళ్లు. పనిలో చురుకు, మాటలో ఖచ్చితం. ఆమె దగ్గర ఆటగాళ్లు వాడే గడియారం ఒకటుంది, బొత్తాం నొక్కితే పరిగెత్తేది. మొదటి రోజే వాటీ దాన్ని చూశాడు.

"అదేంటమ్మాయ్, నా ప్రాణం లెక్కపెడుతున్నావా?"

"నకలు లెక్కపెడుతున్నానండీ."

"నువ్వు ఏ రోజు పుట్టావ్?"

"చెప్పను వాటీ గారూ. చెబితే పది నిమిషాలు పోతాయి."

"ట్రెయిల్ కూడా చెప్పడు," అన్నాడు వాటీ షార్ట్‌బ్రెడ్ బిస్కట్ల డబ్బా ఆమె వైపు జరుపుతూ. "వాడు ఈ ఊరివాడే, తెలుసా? పదేళ్లప్పుడు వెళ్లిపోయాడు. బస్సెక్కితే గంట. ఒక్కసారీ రాలేదు."

లోర్నా లెక్క తేల్చింది. ఒక నకలుకు సగటున నలభై ఏడు నిమిషాలు. అందులో టీ తొమ్మిది, బిస్కట్లు నాలుగు, వాతావరణం పన్నెండు. మనిషి పుట్టుకకు మిగిలింది ఇరవై రెండు. జిల్లా కేంద్రంలో ఇదే పని ఆమె ఎనిమిది నిమిషాల్లో చేసి పంపించేస్తుంది. వచ్చినవాళ్లు కాగితం తీసుకుని, తల వంచి చదువుకుంటూ మెట్లు దిగిపోతారు. వాళ్ల మొహాలు ఎలా ఉంటాయో ఆమె ఎప్పుడూ చూడలేదు. చూడటానికి టైమేదీ?

ఇక్కడ మాత్రం చూడక తప్పలేదు. వాటీ ఎవరికీ కాగితం చేతికిచ్చేవాడు కాదు. తనే చదివి వినిపించేవాడు, కథ చెప్పినట్టు. అన్నీ అయ్యాక గాని నకలు ఇచ్చేవాడు కాదు. పైగా ఎవరికి ఏ వాతావరణం చెప్పాడో ఒక చిట్టాలో పెన్సిలుతో రాసుకునేవాడు.

"ఇదెందుకండీ?"

"రేపు వాళ్ల చెల్లెలొస్తుంది. అన్నకి వాన చెప్పి చెల్లికి ఎండ చెబితే బాగుంటుందా?"

రెండో వారం గురువారం, వాటీ భోజనానికి వెళ్లినప్పుడు, లోర్నాకు ఒక బుద్ధి పుట్టింది. ఆ చిట్టా తీసి, రేవు పుస్తకాల పక్కన పెట్టి సరిచూడటం మొదలుపెట్టింది. మొదటి పదిహేనూ అక్షరం పొల్లుపోలేదు. ఆమెకు కాస్త గౌరవం కూడా కలిగింది. పదహారోది దగ్గర ఆగిపోయింది. 1911 నవంబరులో ఒక రోజు. రేవు పుస్తకంలో "తుపాను, వడగళ్లు, రెండు పడవలు గల్లంతు" అని ఉంది. వాటీ చిట్టాలో "లేత ఎండ, పిల్లగాలి" అని ఉంది. పొరపాటేమో అనుకుంది. ఇంకా చూసింది. అట్లాంటివి ఏడు దొరికాయి. ఏడింటిలోనూ రేవులో కుండపోత, చిట్టాలో ఎండ.

లోర్నాకు ఒళ్లు మండిపోయింది. ఆలస్యం సంగతి సరే, ఇది అబద్ధం. రిజిస్ట్రారు కుర్చీలో కూర్చుని, ప్రభుత్వం ముద్ర పక్కన పెట్టుకుని అబద్ధం. మనిషి మంచివాడే, బిస్కట్లు బాగున్నాయి, కానీ రాయక తప్పదు. ఆ సాయంత్రమే నివేదిక రాసేసింది. "ప్రజలకు తప్పుడు సమాచారం ఇస్తున్నారు. బల్ల దగ్గర నుంచి తప్పించవచ్చు." రాశాక ఒకసారి చదువుకుని, కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

శుక్రవారం పొద్దున తలుపు తెరిచేసరికి మెట్ల మీద ఎనభై ఏళ్ల ముసలమ్మ నిలబడి ఉంది. ఆదివారం వేసుకునే కోటు, ఆదివారం పెట్టుకునే టోపీ. పేరు టీనీ స్లేటర్. చేపలకు పొగబెట్టే కొట్టంలో నలభై ఏళ్లు పనిచేసిన మనిషి. ఊరంతటికీ అత్తే.

"ఒరేయ్ వాటీ, ఉన్నావా?"

"రా అత్తా, రా. కూర్చో. బిస్కట్..."

"నీ బిస్కట్లు తర్వాత. నాకు నా పూర్తి నకలు కావాలిరా."

ఆమె చేతిసంచిలోంచి మడతలు పడి చిరిగిన చిన్న కాగితం తీసింది. పద్నాలుగేళ్లప్పుడు పనిలో చేరడానికి ఇచ్చిన చిన్న నకలు. అందులో పేరూ తేదీ తప్ప తల్లీతండ్రుల ఊసు ఉండదు. జీవితమంతా దాంతోనే గడిచిపోయింది.

"మా మనవరాలు వంశవృక్షం వేస్తోంది. 'నానమ్మా, మీ అమ్మకి నలభై తొమ్మిదేళ్లప్పుడు నువ్వు పుట్టావా' అని అడిగింది. నేనేమనాలి?" టీనీ గొంతు తగ్గించింది. "నన్ను పెంచిందేమో మా అమ్మ. మా పెద్దక్క క్రిస్టినా, మాకందరికీ క్రిస్సీ, హెరింగ్ చేపలు కోసే పనికి ఊళ్లు తిరిగేది. ఆమెకీ నాకూ పందొమ్మిదేళ్లు తేడా. ఎప్పటినుంచో మనసులో ఉంది గాని అడగడానికి భయం. ఇప్పుడు ఇద్దరూ లేరు. ఇంకెప్పుడు తెలుసుకుంటాను, చెప్పు."

లోర్నా అలవాటుగా గడియారం తీసింది. నొక్కలేదు.

వాటీ బీరువా తెరిచి రిజిస్టరు తెచ్చాడు. పేజీ తిప్పి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత లేచి టీ కలిపి, రెండు చెంచాల చక్కెర వేసి ఆమె ముందు పెట్టాడు. రేవు పుస్తకం కూడా తీసి ఒకసారి చూసి మూసేశాడు.

"1927 జనవరి పందొమ్మిది, బుధవారం," అని మొదలుపెట్టాడు. "అత్తా, ఆ రోజు ఎండ. జనవరిలో అట్లాంటి ఎండ పదేళ్లకోసారి వస్తుంది. సముద్రం పళ్లెంలో పోసిన నీళ్లలా ఉంది. జనం తలుపులు తీసుకుని గుమ్మాల్లో కూర్చున్నారు."

ఎనిమిదోది, అనుకుంది లోర్నా. రేవు పుస్తకం చూడకుండానే ఆమెకు తెలిసిపోయింది. ఆ ముసలావిడ ముందు కూడా అబద్ధమేనా అని కోపమొచ్చింది.

"పొద్దున ఆరూ పదికి పుట్టావు. పేరు క్రిస్టినా స్లేటర్."

"క్రిస్సీ పేరే నాకూ పెట్టారు. చెప్పు."

"తల్లి పేరు," వాటీ నెమ్మదిగా చదివాడు, "క్రిస్టినా స్లేటర్. చేపల పని. తండ్రి గడిలో ఏమీ రాయలేదు అత్తా. ఖాళీగా ఉంది. ఎనిమిదో రోజున తనే ఇక్కడికి నడిచొచ్చి రాయించింది. సంతకం తనదే. 'తల్లి' అని కూడా తనే రాసింది, చూడు, గుండ్రంగా."

టీనీ వంగి చూసింది. వేలితో ఆ సంతకం తాకబోయి ఆపుకుంది. లోర్నాకు అప్పుడు అర్థమైంది, తన దగ్గర మెట్లు దిగిపోయేవాళ్లు తల వంచుకుని ఏం చదువుకునేవారో.

ముసలమ్మ తలెత్తింది.

"ఒరేయ్ వాటీ, ఎండేమిట్రా?"

వాటీ ఉలిక్కిపడ్డాడు. "అంటే..."

"ఎండేమిటని అడుగుతున్నా. నా ప్రతి పుట్టినరోజుకీ క్రిస్సీ చెప్పేది, నువ్వు పుట్టిన రోజు మంచు పడి తలుపు తెరుచుకోలేదే, మంత్రసాని కిటికీలోంచి దూకింది, గౌను మేకుకి పట్టుకుని వేలాడింది అని. ఏ ఊళ్లో ఉన్నా ఆ రోజుకి ఇంటికొచ్చేది. అమ్మ ఇక చాల్లే ఊరుకోవే అన్నా ఊరుకునేది కాదు. ఈవిడకెందుకు ఇంత గుర్తు అనుకునేదాన్ని." ఆమె కళ్లు తుడుచుకుంది. "అంతా చెప్పిందిరా. మంచు చెప్పింది, కిటికీ చెప్పింది, గౌను చెప్పింది. తనెవరో ఒక్కటే చెప్పలేదు."

వాటీ చెవులు ఎర్రగా అయిపోయాయి. దొంగతనం చేస్తూ దొరికిన పిల్లాడిలా రేవు పుస్తకం తెరిచి చదివాడు. "జనవరి పందొమ్మిది. నడుంలోతు మంచు. ఒక్క పడవా కదల్లేదు. రేవు అధికారి మధ్యాహ్నం దాకా తన గుమ్మం దాటలేకపోయాడు."

"చూశావా. మరెందుకు అబద్ధమాడావు?"

"రిజిస్టర్లో నేను చుక్క కూడా మార్చలేను అత్తా," అన్నాడు వాటీ. "ఖాళీ గడి ఖాళీ అనే చదవాలి. చదివినప్పుడు ఆ మొహాలు చూడలేకపోయేవాణ్ణి. వాతావరణం రిజిస్టర్లో లేదు. అదొక్కటే నా చేతిలో ఉంది."

టీనీ అతన్ని కాసేపు చూసి, ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే టీ తాగింది, బిస్కట్ రెండోది కూడా తీసుకుంది.

"నీ ఎండ ఎవరికి కావాలో వాళ్లకివ్వు నాయనా. నా మంచు మాత్రం నాకు పారెయ్. మా అమ్మ నాకిచ్చింది అదేరా. మళ్లీ మొదట్నుంచి చదువు. ఈసారి సరిగ్గా చదువు."

వాటీ మళ్లీ చదివాడు, మంచుతో సహా. మంత్రసాని రిజిస్టర్లో లేకపోయినా ఆమెనూ కిటికీలోంచి దూకించాడు. మొత్తం గంటా పది నిమిషాలు పట్టింది.

ముసలమ్మ వెళ్లిపోగానే లోర్నా చిట్టా తీసి ఆ ఏడు పేర్లకూ రిజిస్టర్లు తిరగేసింది. అయిదింటిలో తండ్రి గడి ఖాళీ. ఒకటి రేవు మెట్ల మీద దొరికిన పసిబిడ్డది. ఇంకొకటి తల్లి పోయిన పూట పుట్టిన పిల్లది. ఏడుగురికీ మనవలో మునిమనవలో దూరాభారం నుంచి వచ్చి, ఎండ పట్టుకుని వెళ్లారు. లోర్నాకు సిగ్గేసింది. సంచిలోంచి నివేదిక తీసి నాలుగు ముక్కలు చేసింది.

"వాటీ గారూ, ఒక సంగతి. ఎడిన్‌బరో వాళ్లు నిజంగానే వాతావరణానికి గడి ఇచ్చి ఉంటే మీ గతేమయ్యేది? అప్పుడు చచ్చినట్టు వానే చదవాల్సొచ్చేది."

"అదే భయం అమ్మాయ్," అన్నాడు వాటీ. "మొదట్లో నిజంగానే అడిగా. ఇప్పుడు మానేస్తే ఈయనకేమైందని ఎంక్వైరీ చేస్తారేమోనని రాస్తున్నా. ప్రతి ఏడూ ధన్యవాదాలు వచ్చేదాకా అన్నం సయించదు."

కొత్త నివేదిక రెండు వాక్యాలు. "ఒక నకలుకు నలభై ఏడు నిమిషాలు పడుతోంది, వాతావరణానికి పన్నెండుతో కలిపి. అందులో తగ్గించదగిన నిమిషం ఒక్కటీ నాకు కనబడలేదు." నాలుగింటికి పంపింది. నాలుగున్నరకు ఫోను మోగింది.

"లోర్నా, ఇదేం నివేదిక?" అన్నారు ట్రెయిల్ గారు.

"ఉన్నదే రాశానండీ."

"వాతావరణానికి పన్నెండు నిమిషాలు అవసరమంటావా?"

"అవసరమేనండీ. నా ఉద్యోగం పోయినా అదే అంటాను."

అవతల ట్రెయిల్ గారు తన గది తలుపు మూసుకున్న చప్పుడైంది.

"అతను ఉండనీ. సరే గాని... ఆ వాతావరణ పుస్తకాలు అక్కడే ఉన్నాయా? ఊరికే అడుగుతున్నాలే. 1951 మార్చి పద్నాలుగు. ఎట్లా ఉందో చూడు. తొందరేం లేదు."

లోర్నా ఫోను బల్ల మీద పెట్టి ముందు జనన రిజిస్టరు తీసింది. ట్రెయిల్. తల్లి, వలలు అల్లే పని. తండ్రి గడి ఖాళీ. అప్పుడు రేవు పుస్తకం తీసింది. ఈశాన్యం గాలి, రోజంతా మంచువాన, రేవులో లాంతరు స్తంభం విరిగింది. వాటీ తన బల్ల దగ్గర తల వంచుకుని ఏదో రాసుకుంటున్నాడు. చెవులు మాత్రం ఇటే ఉన్నాయి.

లోర్నా ఫోను ఎత్తింది.

"ఎండ సార్," అంది. "మంచి ఎండ. కాస్త పిల్లగాలి."

"అట్లాగా," అన్నారు ట్రెయిల్ గారు. మళ్లీ, "మార్చిలో ఎండా?" అన్నారు.

"పదేళ్లకోసారి వస్తుందట సార్."

వాటీ తలెత్తలేదు. పెన్సిలూ చిట్టా ఆమె ముందుకు తోశాడు, మర్చిపోకుండా రాసుకోమన్నట్టు. వాటి వెనకే బిస్కట్ల డబ్బా కూడా జరిపాడు.